అంగుళం తక్కువ టేపు

నేను ఒక అంగుళం తక్కువైన టేపుని. అరవై అంగుళాలతో పుట్టి ఏభైతొమ్మిదితో బతుకుతున్నాను. పోయిన ఆ అంగుళం సంగతి తరవాత చెబుతాను, ముందు మీరు నన్ను గుర్తుపట్టాలి. చొక్కా కుట్టించుకోడానికి వెళ్ళినప్పుడు దర్జీ మెడలో కండువాలా వేలాడుతూ కనిపిస్తానే, అదే నేను. మీ నడుము చుట్టూ నన్ను తిప్పగానే మీరు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. నేను తొందరపడను. ఎంతసేపని బిగబడతారు? ఊపిరి వదలకా తప్పదు, నిజం బయటపడకా తప్పదు. పోలీసుల దగ్గర నించి పురోహితుల దాకా నా ముందు అందరూ ఆడిన అబద్ధం ఆ ఒక్కటే.

పుట్టింది ఉత్తరాదిన ఎక్కడో ఒక రేకుల షెడ్డులో. పసుపుపచ్చటి పట్టీ మీద నల్లటి అంకెలు అచ్చుగుద్ది, రెండు చివర్లా ఇత్తడి బిళ్ళలు నొక్కి, డజనుకో పెట్టె చొప్పున లారీ ఎక్కించారు. నా తోడబుట్టిన పదకొండు మందీ ఏ ఊళ్ళో ఎవరి నడుములు కొలుస్తున్నారో నాకు తెలీదు. నేను మాత్రం తెనాలిలో గుండీలూ జిప్పులూ అమ్మే కొట్లో వచ్చి పడ్డాను. అక్కణ్ణించి నన్ను కొనుక్కుపోయినవాడు నాగభూషణం గారు. ఊరంతా ఆయన్ని భూషణం మాస్టారంటుంది. స్టేషను దగ్గర సందులో ఆయన షాపు. బోర్డు మీద పేరు కింద 'అన్ని రకముల నాటక దుస్తులు కూడా కుట్టబడును' అని రాయించుకున్నాడు. ఆ 'కూడా' అన్నది వినయం కోసం రాయించిన మాట. నిజానికి ఆయన పేరంతా నాటక దుస్తుల మీదే నిలబడింది.

ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది. నా కథకి అదే కీలకం కనక కాస్త నిదానంగా వినండి. మగవాడొస్తే భూషణం గారు నన్ను మెడలోంచి తీసి ఛాతీ, భుజం, నడుము కొలిచి పుస్తకంలో రాసుకుంటాడు. ఆడమనిషి వస్తే నేను మెడలోంచి కదలను. ఆవిడ తనకి సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇస్తుంది. దాన్నే ఆది జాకెట్టు అంటారు. ఆయన ఆ ఆది బల్ల మీద పరుచుకుని, దాని ప్రకారం కొత్తది కత్తిరిస్తాడు. ఆడవాళ్ళ ఒంటికి టేపు పెట్టడం మర్యాద కాదని వాళ్ళ నాన్న నేర్పిన అలవాటు. ఆది మర్చిపోయి వచ్చినావిడ కలెక్టరు భార్య అయినా సరే, 'ఆది తీసుకురండమ్మా, కుట్టిద్దాం' అని వెనక్కి పంపేవాడు. ఆది చేతికి రాగానే ఒక కాగితం ముక్క మీద ఎవరిదో రాసి గుండుసూదితో గుచ్చేవాడు. 'పోస్టుమాస్టరు గారి అమ్మాయి.' 'రైసుమిల్లు వారి కోడలు.' ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆ షాపులో కాగితం ముక్కల మీద వరసగా వేలాడుతుండేవాళ్ళు. నాకు కొంచెం చిన్నతనంగానే ఉండేది. ఊళ్ళో సగం మంది నాకు తెలీనే తెలీదు మరి.

ఆడ దుస్తులకి కూడా నాకు పని తగిలేది ఒక్క గోవిందరాజులు గారి దగ్గరే. ఆయన పగలు సహకార బ్యాంకులో గుమాస్తా. నాటకాల్లో రాణి వేషాలకి ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆయన కళ్ళు తిప్పితే ముందు వరసలో కూర్చున్న మునసబులు సర్దుకుని కూర్చునేవాళ్ళు. ఆయన రవికలన్నీ భూషణం గారే కుట్టేవాడు, నాతో కొలిచి మరీ. వేసేది రాణి వేషమైనా మనిషి మగవాడు కదా, కాబట్టి టేపు. లెక్క సరిగ్గానే ఉంది.

నా అంగుళం పోయింది ఆయన పుణ్యానే. ఒకరోజు కొలతలిచ్చాక నిలబడి, కొత్త నాటకంలో పద్యం వినమని రాణి గొంతుతో ఎత్తుకున్నాడు. భూషణం గారు కళ్ళు మూసుకుని తల ఊపుతూ చేతిలో ఉన్న బొగ్గుల ఇస్త్రీ పెట్టె తీసుకెళ్ళి సరిగ్గా బల్ల మీదున్న నా చివర పెట్టాడు. పద్యం అయ్యేసరికి ఇత్తడి బిళ్ళా, ఒకటో అంకె దాకా ఉన్న పట్టీ మాడి మసైపోయాయి. ఇంకెవరైనా అయితే నన్ను చెత్తబుట్టలో పడేసేవాళ్ళు. భూషణం గారు మాడిన మేర కత్తిరించేసి, 'ఏం పర్లా, అంతటికీ ఒకటి తీసెయ్యటమే' అన్నాడు. అప్పటి నించీ నేను ముప్ఫైఆరు చూపిస్తే ఆయన ముప్ఫైఐదు రాసుకునేవాడు. చేతికి అలవాటైన పనిముట్టుని మనుషులు వదులుకోరు, అది అబద్ధం చెప్పినా సరే.

ఆ లెక్క ఆయన కన్నా బాగా వచ్చిన మనిషి ఇంకొకరు ఉన్నారు. మిషను కింద గుడ్డముక్కల్లో కూర్చుని ఆడుకునే ఆయన ఒక్కగానొక్క బిడ్డ. పేరు మేఖల. ఆ పేరు తరవాతెప్పుడో తనకి తాను పెట్టుకుంది గానీ నేను మొదటి నించీ అలాగే చెబుతాను. పాత పేరు మీకు చెప్పను. బిగుతుగా ఉందని విప్పి పారేసిన చొక్కాని మళ్ళీ ఆ మనిషికే తొడగడం మర్యాద కాదు.

ఊరి లెక్కలో అప్పుడు మేఖల మగపిల్లాడు. ప్రతి జూన్‌లోనూ స్కూలు చొక్కా కోసం భూషణం గారు నాతో కొలిచేవాడు. చంక కింద నేను తగలగానే మెలికలు తిరిగి నవ్వేది. ఎనిమిదేళ్ళ దాకా అలా నవ్వింది. తరవాత తరవాత నన్ను చూస్తే ముఖం ముడుచుకోడం మొదలుపెట్టింది. మిగతా పిల్లలు ఎంత పెరిగామో చూసుకుని మురిసిపోతారు. ఈ పిల్ల భుజం అర అంగుళం పెరిగిందని వాళ్ళ నాన్న సంబరంగా చెబితే ఏదో పోగొట్టుకున్నట్టు చూసేది. నేను ఎన్ని ఒళ్ళు చూశానో లెక్క లేదు కనక నాకు అనుమానం రానే వచ్చింది. కానీ టేపు మాట ఎవరు వింటారు?

పందొమ్మిదో ఏట ఒక మధ్యాహ్నం సంగతి బయటపడింది. భూషణం గారు భోజనానికి ఇంటికెళ్ళాడు. మేఖల షట్టరు సగం దించి, నన్ను తీసుకుని తనని తాను కొలుచుకుంది. అంతటికీ ఒకటి తీసేసింది. రాణి దుస్తుల్లో మిగిలిన ఎర్ర శాటిన్ ముక్కతో గంటన్నరలో జాకెట్టు కుట్టేసి, తొడుక్కుని, నిలువుటద్దం ముందు నిలబడింది. ఆ అద్దంలో గోవిందరాజులు గారిని ఎన్నోసార్లు చూశాను నేను. ఆయన ముఖంలో, వేషం బాగా కుదిరిందా లేదా అన్న ఆత్రం కనిపించేది. ఈ పిల్ల ముఖంలో అదేం లేదు. చాన్నాళ్ళ తరవాత ఇంటికి వచ్చి చెప్పులు విప్పుకున్న మనిషి ముఖంలా ఉంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ సంతోషం రెండు నిమిషాలే. కళ్ళజోడు మర్చిపోయిన భూషణం గారు దానికోసం షట్టరు ఎత్తుకుని లోపలికి వచ్చాడు. చూశాడు. ఆయన నోట్లోంచి వచ్చిన మొట్టమొదటి మాట ఏమిటో తెలుసా?

"చంక దగ్గర ముడత పడింది."

ముందు దర్జీ మాట్లాడాడు. తండ్రి ఆ తరవాత వచ్చాడు. ముఖం ఎర్రబడిపోయింది.

"ఏందిది? నాటకాల్లో చేరావా?"

"లేదు నాన్నా."

"మరేంది? గోవిందరాజులు కూడా వేసుకుంటాడు. అయిపోగానే విప్పేసి ఇంటికిపోయి పెళ్ళాం పెట్టిన అన్నం తింటాడు. నువ్వు కూడా విప్పు."

"ఇది వేషం కాదు నాన్నా," అంది మేఖల.

"వేషం కాకపోతే ఇంకేంది?"

ఆ ప్రశ్నకి జవాబు ఆ పిల్ల ఒంటి మీదే ఉంది గానీ ఆయనకి కనపడలేదు. కళ్ళజోడు లేదు కదా మరి. వారం తిరక్కుండానే మేఖల హైదరాబాదు బండెక్కింది. సంచీలో నాలుగు బట్టలు, వాళ్ళమ్మ తులశమ్మ గారు కట్టిచ్చిన అరిసెలు, అడుగున నేను. నన్ను అడిగి తీసుకెళ్ళలేదు, ఆయన్ని అంతకన్నా అడగలేదు. కాబట్టి ధర్మం ప్రకారం నేను దొంగసొత్తుని.

ఊరి మీద నాకున్న కోపం ఇక్కడే చెప్పేస్తాను. గోవిందరాజులు గారు మూడు గంటలు ఆడమనిషిగా ఉంటే ఆ ఊరే దండలేసింది, శాలువాలు కప్పింది. మేఖల బతుకంతా ఉంటానంటే అదే ఊరు నోరు నొక్కుకుంది. నటిస్తే చప్పట్లు, నిజమైతే తలుపులు. మనుషుల కొలతలు నాకు అర్థమవుతాయి గానీ వాళ్ళ లెక్కలు ఇప్పటికీ అర్థం కావు.

హైదరాబాదులో మేఖల ఎన్ని అవస్థలు పడిందో అదంతా ఏకరువు పెట్టి మిమ్మల్ని ఏడిపించను. ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడిన వాళ్ళున్నారు. తెల్లారేసరికి ఇడ్లీలు పంపిన వాళ్ళూ ఉన్నారు. చదువుకుంది, వైద్యం చేయించుకుంది, కాగితాల మీద పేరు మార్పించుకుంది. ఆరేళ్ళకి పాతబస్తీలో ఒక పాత ఇంటి మేడ మీద సొంత షాపు పెట్టింది. కటింగ్ మాస్టరుగా మొయినుద్దీన్ అనే పెద్దాయన్ని పెట్టుకుంది. ఆయన చేతికి నన్ను అప్పగించి, నా సంగతి చెప్పడం మర్చిపోయింది.

దాంతో మొదటి ఫ్యాషన్ షోకి కుట్టిన పద్దెనిమిది జతలూ అంగుళం వదులుగా వచ్చాయి. అవి తొడుక్కుని మోడళ్ళు నిలబడితే మేఖలకి ముచ్చెమటలు పోశాయి.

"మొయిన్ భాయ్, ఒకటి తీసెయ్యలేదా?"

"ఏం తీసేసుడు మేడం? మీ టేపుకి తలకాయ లేదని నాకేం ఎరుక? మీరు జెప్పాలె గదా!"

మళ్ళీ కుట్టే వ్యవధి లేదు. అలాగే పంపించేశారు. మర్నాడు పేపర్లో ఒక విమర్శకుడు, 'ఒంటిని బంధించకుండా గాలి ఆడనిచ్చే కొత్త ఆలోచన' అని రెండు కాలమ్‌లు రాశాడు. మేఖల ఆ రోజు పడీ పడీ నవ్వింది. పేరు అలా వచ్చింది. చెప్పుకోకూడదు గానీ ఆ పేరులో ఒక అంగుళం నాది.

ఆ మేడ మీదే నేను మనుషులందరినీ చూశాను. మేఖల వాళ్ళ నాన్నలా కాదు, ఎవరొచ్చినా నన్నే తీసేది. కాకపోతే ముందు 'టేపు పెట్టనా?' అని అడిగేది. పెళ్ళి బట్టలకని ఇద్దరమ్మాయిలు చేతులు పట్టుకుని వచ్చారు, ఒకరికి పట్టుచీర, ఇంకొకరికి షేర్వాణీ. ఎవరు పెళ్ళికొడుకు అని మొయిన్ భాయ్ అడిగితే, 'ఎవరూ కాదు, అదే కదా విషయం' అని నవ్వారు. చక్రాల కుర్చీలో ఒక లెక్చరరు గారు వచ్చాడు. నిలబడి ఉన్న మనిషికి కుట్టిన ప్యాంటు కూర్చున్న మనిషికి సరిపోదని అప్పుడు నేర్చుకున్నాం. చీర కట్టుకోవాలని అరవై ఏళ్ళుగా మనసులో పెట్టుకున్న రిటైర్డ్ స్టేషన్‌మాస్టరు, గుబురు మీసంతో సహా వచ్చాడు. మీసం తియ్యమంటారా అని భయంభయంగా అడిగితే మేఖల, 'మీసానికేం, చీరకి అడ్డం రాదుగా' అంది. బజారులో మనుషులందరినీ చిన్న, మధ్య, పెద్ద అని మూడు సైజుల్లో కుక్కేస్తారు. నా మీద ఏభైతొమ్మిది అంకెలున్నాయి, వాటి మధ్య గీతలున్నాయి. అయినా ఒక్కోసారి చాలేవి కావు.

అప్పుడొచ్చింది సంహిత, మేఖల మీద డాక్యుమెంటరీ తీస్తానని. చురుకైన పిల్ల, నోట్లో నువ్వుగింజ నానదు. వెంట కెమెరా పట్టుకుని జోసెఫ్ అనే ఒక మౌనముని. వైవిధ్యం, క్వీర్ అస్తిత్వం, గౌరవం అంటూ సంహిత పెద్ద పెద్ద మాటలు మాట్లాడేది. అవన్నీ మంచి మాటలే. కానీ కెమెరా నడుస్తున్నప్పుడు ఆ పిల్ల మామూలుగా అడిగిన ఒక ప్రశ్నకే అసలు జవాబు వచ్చింది.

"అక్కా, ఇంతమందికి బట్టలు కుట్టారు. మీకు దొరకని డ్రెస్ ఏదైనా ఉందా?"

మేఖల నన్ను వేళ్ళకి చుట్టుకుంది.

"మా ఊళ్ళో ప్రతి ఆడపిల్లకీ మా నాన్న జాకెట్టు కుట్టాడు. నా ఒక్కదానికే కుట్టలా."

పధ్నాలుగేళ్ళుగా తండ్రీ బిడ్డల మధ్య మాటల్లేవు. తులశమ్మ గారు మాత్రం షాపులోంచి ఫోను చేసేది. ఆవిడ ఫోను చేస్తే వెనకాల మిషను చప్పుడు వినపడేది. మేఖల మాట్లాడటం మొదలుపెట్టగానే ఆ చప్పుడు ఆగిపోయేది. ఫోను పెట్టేసే ముందు మళ్ళీ మొదలయ్యేది. ఆయన వింటున్నాడని ఇద్దరికీ తెలుసు, తెలిసినట్టు ఎవరూ అనలేదు.

సంహిత ఊరుకునే రకం కాదు. తెనాలి వెళ్దామంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా మేఖల రచ్చ గెలిచి, ఇప్పుడు ఇంటికి బయల్దేరింది. బయల్దేరేముందు ఒక పచ్చపట్టు జాకెట్టు గుడ్డ మడతపెట్టి సంచీలో పెట్టుకుంది. ఎందుకో సంహితకి చెప్పలేదు. నేను అడగలేదు.

రైల్లో సంహిత తన చివరి షాటు వివరించింది. "అక్కా, మీ నాన్నగారు ఈ టేపు తీసుకుని మిమ్మల్ని కొలుస్తారు. చిన్నప్పుడు కొలిచిన టేపే కదా! ఇప్పుడు మళ్ళీ. మాటలేం అక్కర్లేదు. అదే సినిమాకి ముగింపు." జోసెఫ్ కూడా మొదటిసారి నోరు విప్పి, 'బాగుంటుంది' అన్నాడు. మేఖల తల ఊపింది. నాకూ బాగానే అనిపించింది. ముగింపు షాటులో నేనుంటానంటే ఎవరికి చేదు?

షాపు ఏం మారలేదు. బోర్డు మీద 'కూడా' కొంచెం వెలిసింది. వరసగా ఆది జాకెట్లు, కాగితం ముక్కలు. కబురు ఎలా తెలిసిందో గోవిందరాజులు గారు అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. పళ్ళు రాలిపోయాయి గానీ కళ్ళు అలాగే ఉన్నాయి. తులశమ్మ గారు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లోనే ఏడుపూ నవ్వూ మొదలుపెట్టేసింది. భూషణం గారు మిషను మీద నించి లేవలేదు. కళ్ళజోడులోంచి కూతుర్ని కింద నించి పైదాకా చూశాడు. పధ్నాలుగేళ్ళ తరవాత ఆయన అన్న మొదటి మాట ఇది:

"అది నా టేపు."

మేఖల గబగబా నన్ను మెడలోంచి తీసి ఇచ్చింది. ఆయన నా తెగిన చివర వేలితో తడుముకుని, తన మెడలో వేసుకున్నాడు. ఎన్నాళ్ళకి! ఆ మెడ సన్నబడింది. నా రెండు కొసలూ ఆయన గుండెల మీద పడ్డాయి. లోపల ఆ గుండె మిషను కన్నా వేగంగా కొట్టుకుంటోంది. పైకి మాత్రం గోడకి కొట్టిన మేకులా ఉన్నాడు.

జోసెఫ్ కెమెరా సర్దుకున్నాడు. సంహిత ముందు గోవిందరాజులు గారిని అడిగింది, ఆడవేషం వేసినప్పుడు లోపల ఎలా ఉండేదని.

"ఎట్టా ఉంటదమ్మా? దురద. ఆ శాటిన్ రవిక ఎప్పుడు విప్పుదామా అని ఉండేది," అన్నాడాయన. తరవాత మేఖల వైపు చూసి, "ఈ అమ్మాయిని చూడు, ఎంత హాయిగా ఉందో. నాదేముందిలే," అని గొణిగాడు. భూషణం గారు ఆ మాట వినపడనట్టే దారం సూదిలోకి ఎక్కిస్తున్నాడు. మూడుసార్లు గురి తప్పింది.

"మాస్టారూ," అంది సంహిత, "చిన్న షాట్. మీరు ఆ టేపుతో మేఖలక్కకి కొలతలు తీస్తే చాలు. చిన్నప్పుడు తీసినట్టే."

"నేను తియ్యను," అన్నాడు భూషణం గారు.

సంహిత ఒకడుగు ముందుకి వేసింది.

"ఒక్కసారి మాస్టారూ. కుట్టక్కర్లేదు. ఊరికే టేపు పెడితే..."

"పెట్టనని చెప్పా గదమ్మా."

సంహిత ముఖం వాడిపోయింది. జోసెఫ్ కెమెరా దించబోయాడు. మేఖల అద్దం ముందు పందొమ్మిదేళ్ళప్పుడు నిలబడ్డ చోటే నిలబడి, కింద పడ్డ గుడ్డముక్కల్ని చూస్తోంది. ఆ రోజు విప్పమన్నాడు, ఈ రోజు ముట్టుకోనైనా ముట్టుకోనంటున్నాడు. సంచీ పట్టీ భుజం మీదకి లాక్కుని, "పద సంహితా, రైలు టైమవుతోంది," అంది. నా జన్మలో ఎన్నడూ లేనంత సిగ్గేసింది నాకు. ఆయన మెడలోంచి జారి కింద పడిపోదామనిపించింది.

"ఎక్కడికి?" అన్నాడు భూషణం గారు. గొంతు పెరిగింది. "నలభై ఏళ్ళ నించీ ఈ షాపులో ఏ ఆడమనిషికైనా టేపు పెట్టానా నేను? కలెక్టరు గారి భార్యకే పెట్టలా. ఇప్పుడు కెమెరా వచ్చిందని నా పద్ధతి మార్చుకోవాలా?"

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ముందు అర్థమైంది నాకూ, మేఖలకీ. ఆ షాపులో పెరిగిన వాళ్ళం మేమిద్దరమే కదా. ఆమె చెయ్యి సంచీ మీద అలాగే ఆగిపోయింది.

"గోవిందరాజులుకి పెట్టానంటే అది వేషం," అన్నాడాయన, ఈసారి మెల్లగా, దారం కొస చూసుకుంటూ. "ఇది వేషం కాదుగా."

తలెత్తి కూతురి ముఖంలోకి చూశాడు.

"ఆది జాకెట్టు తెచ్చావా అమ్మాయ్?"

తులశమ్మ గారు బావురుమంది. ఆవిడ ఎందుకు ఏడుస్తోందో తెలీక సంహిత కంగారుపడి గోవిందరాజులు గారిని అడిగింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఆది అంటే ఏమిటో, ఎవరిని అడుగుతారో చెప్పాడు. సంహిత నోటి మీద చెయ్యి పెట్టుకుని అక్కడే గుడ్డముక్కల్లో కూలబడింది. జోసెఫ్ మౌనముని కదా, కెమెరా ఆపనే లేదు.

మేఖల సంచీ తెరిచి, కట్టుకోడానికని తెచ్చుకున్న చీర మీది జాకెట్టు ఒకటి తీసి ఇచ్చింది. భూషణం గారు దాన్ని బల్ల మీద పరిచి, లోపలి వైపు తిప్పి, చంక దగ్గర కుట్టు వేలితో తడిమి చూశాడు.

"కుట్టింది ఎవరు?"

"నేనే నాన్నా."

"ఊఁ," అన్నాడు. జాకెట్టు మళ్ళీ పైవైపుకి తిప్పి, "ముడత లేదు," అన్నాడు.

ఇంతకన్నా పెద్ద బిరుదు ఆ షాపులో ఎవరికీ దొరకలేదు. మేఖల పచ్చపట్టు గుడ్డ తీసి ఆది పక్కన పెట్టింది. ఆయన కాగితం ముక్క చింపి, చెవి మీది పెన్సిలు తీసి, వచ్చిన వాళ్ళందరినీ అడిగినట్టే అడిగాడు.

"ఏం పేరు రాయమంటావు?"

ఆయనకి తెలీదా? పేపర్లో వచ్చిన బొమ్మలన్నీ కత్తిరించి కొలతల పుస్తకంలో దాచుకున్నాడని తులశమ్మ గారు ఆ సాయంత్రమే బయటపెట్టింది. అయినా అడిగాడు.

"మేఖల," అంది మేఖల.

ఆయన రాశాడు. రాసి, షాపు అలవాటు ప్రకారం దాని కింద ఇంకో ముక్క చేర్చాడు. గుండుసూదితో ఆదికి గుచ్చి, వరసలో పోస్టుమాస్టరు గారి అమ్మాయి పక్కన తగిలించాడు. మేఖల దగ్గరికి వెళ్ళి చదివింది. చదివి, బల్ల మీద తల పెట్టుకుని, ఎనిమిదేళ్ళప్పుడు నేను చంక కింద తగిలితే నవ్వినట్టు నవ్వింది, ఏడుపు కలిపి.

'మేఖల, భూషణం గారి అమ్మాయి' అని ఉంది. తన పేరుకి తనే 'గారు' తగిలించుకున్నాడేమిటని గోవిందరాజులు గారు ఎగతాళి చేస్తే, "పద్ధతి పద్ధతే," అన్నాడు భూషణం గారు.

సినిమా పూర్తయింది. మొదటి ఆట తెనాలిలోనే వేశారు. మేఖల పచ్చపట్టు జాకెట్టు తొడుక్కుని వచ్చింది. చీరకట్టులో స్టేషన్‌మాస్టరు గారు మీసం దువ్వుకుని వచ్చాడు, చక్రాల కుర్చీలో లెక్చరరు గారు వచ్చాడు, మొయిన్ భాయ్ అత్తరు రాసుకుని వచ్చాడు. ముక్కు విరిచినవాళ్ళు వెనక వరసల్లో లేకపోలేదు. కానీ 'ఆది తెచ్చావా' అన్న మాట దగ్గర ఆ హాల్లో ఆడవాళ్ళందరికీ ఒక్కసారే అర్థమైపోయింది. ముందు రైసుమిల్లు వారి కోడలు చప్పట్లు కొట్టింది. ఆ తరవాత ఎవరు కొట్టారో చెప్పడం కష్టం. భూషణం గారు మాత్రం పక్కనున్న వాడి మోకాలు తట్టి, "చంక దగ్గర చూడు, ముడత ఉందేమో," అంటున్నాడు.

నేను ఇప్పుడు షాపులో మేకు మీద ఉంటున్నాను. అంకెలు సగం చెరిగిపోయాయి, పని తగ్గింది. హైదరాబాదులో మేఖలకి కొత్త టేపు ఉంది, తలకాయతో సహా. సినిమా చూసిన వాళ్ళు కొందరు ఈ సందులోకి వచ్చి నన్ను చూసి ఫోటోలు తీసుకుంటారు. అంతసేపు తెర మీద ఉండి ఈ టేపు ఏం చేసిందని ఒకాయన అడిగాడు. ఏమీ చెయ్యలేదు. ఒక మెడలో ఊరికే వేలాడాను. నా జన్మకి అంత గొప్ప పని ఇంకొకటి లేదు.

నా మేకు పక్కనే ఆది జాకెట్ల వరస. పచ్చపట్టు తరవాత మేఖల ఇంకో నాలుగు కుట్టించుకుంది, ఆ కాగితం ముక్క అలాగే ఉంది. భూషణం గారి చేతుల మీదుగా ఈ ఊరి ఆడవాళ్ళెవరినీ నేను జాకెట్టుకి కొలవలేదు. మేఖలనీ కొలవలేదు.